చింత చచ్చినా పులుపు చావదు: ధర్మపురి సీమలో ఆమ్లాల కథ

కొన్నేళ్ళ కిందట మా తరగతిలో ఒక చిన్న ప్రశ్న వేశాను. 'యాసిడ్‌'ను తెలుగులో ఏమంటారు? తరగతిలో ఉన్నవారిలో ఎక్కువమంది ధర్మపురి, కృష్ణగిరి, హోసూరు ప్రాంతాల నుంచి వచ్చినవారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కొందరికి కన్నడం కూడా. ఒకరు 'అమిలం' అన్నారు. అది తమిళ పాఠ్యపుస్తకంలోని మాట. తెలుగు మాధ్యమంలో చదివిన ఇద్దరు 'ఆమ్లం' అన్నారు. మిగిలినవారు 'యాసిడ్ యాసిడే కదా సార్' అని నవ్వారు. 'పులుపు' అన్నవారు ఒక్కరూ లేరు. ఆ ఉదయం వాళ్ళందరూ చింతపండు పులుసు కలిపిన అన్నమో సంకటో తినే వచ్చి ఉంటారు.

నాలుకకు ప్రతిరోజూ తెలిసే వస్తువు పుస్తకంలోకి వచ్చేసరికి పరాయిది ఎందుకయింది? ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే. ఆమ్లానికి మన భాషల్లో రెండు వరసల పేర్లున్నాయి. ఒక వరస నాలుక పెట్టినది, రెండోది చేతిపని పెట్టినది. ఈ రెండు వరసలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆమ్లాల చరిత్ర చాలావరకు బయటపడుతుంది. దానికి ధర్మపురి సీమకంటే అనువైన చోటు అరుదు.

ధర్మపురికి పాత పేరు తగడూరు. సంగమ కాలపు దాత అదియమాన్ నెడుమాన్ అంజి ఇక్కడివాడు. దీర్ఘాయువునిచ్చే అరుదైన ఉసిరికాయ దొరికితే తాను తినకుండా కవయిత్రి అవ్వైయారుకు ఇచ్చాడన్న కథ ఇక్కడి పిల్లలందరికీ తెలుసు. అంటే ఈ ఊరి మొదటి కథే ఒక పుల్లని కాయ కథ. తరవాతి కాలంలో ఈ ప్రాంతం బారామహల్‌లో భాగమయింది. 1792లో టిప్పు సుల్తాన్ నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. అలెగ్జాండర్ రీడ్ కింద థామస్ మన్రో 1799 వరకు ఇక్కడ పనిచేసి, రైత్వారీ పద్ధతికి పునాది వేశాడు. 1965లో సేలం జిల్లా నుంచి ధర్మపురి జిల్లా ఏర్పడింది. 2004లో అందులోంచి కృష్ణగిరి జిల్లా విడిపోయింది. తెలుగు, తమిళ, కన్నడ భాషలు ఒకే సంతలో వినిపించే ఈ మెట్టనేలలో రాగి, మామిడి, చింత ముఖ్యమైనవి. చింతపండు వ్యాపారానికి ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలు తమిళనాడులో పేరుపొందినవి.

ముందు నాలుక పెట్టిన పేర్లు చూద్దాం. తెలుగులో పులుపు, పుల్లన, పులుసు, పులియు, తమిళంలో పుళి, పుళిప్పు, కన్నడంలో హుళి. ఇవన్నీ ఒకే ద్రావిడ ధాతువుకు పుట్టిన తోబుట్టువులు. కన్నడంలో పదాది 'ప'కారం 'హ'కారమయింది. తెలుగులో 'ళ' 'ల'గా మారింది. ఈ మార్పువల్ల ఒక చిక్కు కూడా వచ్చింది. తమిళంలో అడవిలో తిరిగే పులికి 'ల', తినే పుళికి 'ళ'. తెలుగులో రెండూ 'పులి'లో కలిసిపోయాయి. అందుకే 'పులిహోర'లోని పులి ఏమిటని మన పిల్లలు అడుగుతారు. పక్కింటి తమిళ మిత్రుడు 'పుళియోదరై' అనగానే జవాబు దొరుకుతుంది. రెండు భాషలు తెలిసినవారికి ఇలాంటి లాభాలు అడుగడుగునా ఉంటాయి.

తమిళంలో 'పుళి' అంటే రుచీ, చింతపండూ రెండూ. తెలుగువారు చెట్టుకు 'చింత' అనే వేరే పేరు పెట్టుకుని, రుచిని 'పులుపు'గా విడిగా ఉంచారు. సంస్కృతంలోని 'ఆమ్లం' కూడా రుచి పేరే. తమిళుల 'అమిలం' దాని రూపాంతరమే. ఇంగ్లీషు 'యాసిడ్' లాటిన్‌లో పుల్లన అనే అర్థమిచ్చే 'ఆసిదుస్' నుంచి వచ్చింది. జర్మన్ మాట 'జోయ్‌రె' కూడా పులుపే. అంటే తరగతిలో మేము వేర్వేరనుకున్న పులుపు, అమిలం, ఆమ్లం, యాసిడ్ నాలుగూ అర్థంలో ఒక్కటే. ప్రపంచంలో ఎక్కడైనా ఆమ్లాన్ని మొదట కనిపెట్టిన పరికరం నాలుకే.

నాలుక చెప్పిన విషయాన్ని మన సామెత ఒకటి ఇంకా ముందుకు తీసుకుపోయింది: చింత చచ్చినా పులుపు చావదు. వయసు ఉడిగినా పొగరు తగ్గనివాణ్ణి ఎత్తిపొడవడానికి వాడతాం గాని, ఇందులో అక్షరాలా రసాయన సత్యం ఉంది. మామిడి వంటి కాయలు పండేకొద్దీ వాటిలోని ఆమ్లం తగ్గి తీపి పెరుగుతుంది. చింతలో అలా కాదు. కాయ పండి, తొక్క ఎండి, గుజ్జు నల్లబడినా ఆమ్లం పోదు. గుజ్జులో నూటికి సుమారు 8 నుంచి 18 వంతుల టార్టారిక్ ఆమ్లం ఉంటుంది. నిమ్మరసంలోని సిట్రిక్ ఆమ్లం నూటికి 5, 6 వంతులే. చింతపండులో చక్కెర కూడా బాగా ఉంటుంది కాబట్టి నాలుకకు ఆ పులుపంతా ఒక్కసారిగా తెలియదు.

ఈ ఆమ్లానికి ఐరోపాలో పేరు వచ్చింది వేరే దారిన. ద్రాక్షసారాయి పీపాల గోడలకు పేరుకునే గారకు 'టార్టర్' అని పేరు. స్వీడన్‌కు చెందిన షీలే 1769లో దానినుంచి ఈ ఆమ్లాన్ని వేరుచేశాడు. తరవాత ఆయనే పుల్లని పాల నుంచి లాక్టిక్ ఆమ్లాన్ని, నిమ్మ నుంచి సిట్రిక్ ఆమ్లాన్ని వేరుచేశాడు. 1848లో లూయీ పాశ్చర్ టార్టారిక్ ఆమ్లపు లవణ స్ఫటికాలను సూక్ష్మదర్శినిలో చూస్తూ, కుడిచేయి ఎడమచేయిలాగా ఒకదానికొకటి అద్దపు బింబాలైన రెండు రకాలున్నాయని గుర్తించాడు. అణువుల ఆకారాన్ని గురించిన శాస్త్రానికి అది నాంది. షీలే ధర్మపురిలో పుట్టి ఉంటే ఈ ఆమ్లం పేరు చింతామ్లం అయి ఉండేది.

ఈ సీమలో చింతపండు పని చాలావరకు ఆడవాళ్ళది. తొలి ఎండల్లో కాయ దులిపి, ఎండబెట్టి, పెంకు కొట్టి, ఈనెలు లాగి, గింజ తీసి ముద్ద కట్టే పని ఇళ్ళ అరుగుల మీదే సాగుతుంది. కూలి తూకం లెక్కన. ఒక పల్లెలో గింజ తీస్తున్న అవ్వను పలకరిస్తే, 'నాలిక్కంటే ముందు చేతికే తెలుస్తాది సార్ పులుపు' అని తన వేళ్ళ సందులు చూపించింది. చిన్న గాటున్నా ఆ గుజ్జు తగిలితే భగ్గుమంటుంది. ఆమ్లం చర్మాన్ని కొరుకుతుందని పాఠ్యపుస్తకం ఒక వాక్యంలో చెప్పేది ఆమె వేళ్ళకు ఏటా తెలుస్తూనే ఉంది.

ఇప్పుడు చేతిపని వైపు వద్దాం. ఇత్తడి బిందెను చింతపండుతో తోమితే ఎందుకు మెరుస్తుంది? రాగి, ఇత్తడి గాలి తగిలి నల్లబడేది పైన ఆక్సైడు పొర పట్టడంవల్ల. ఆమ్లం ఆ పొరను కరిగించి నీళ్ళలో పోయే లవణంగా మారుస్తుంది. చింతపండు తరవాత బూడిద వేసి తోమడం కూడా అర్థంలేని ఆచారం కాదు. బూడిద క్షారం. అంటుకుని మిగిలిన ఆమ్లాన్ని అది తటస్థం చేస్తుంది. లేకపోతే తోమిన బిందె మళ్ళీ త్వరగా మచ్చలు పడుతుంది.

ఇక్కడ మన విద్యార్థులకు ఒక హెచ్చరిక. తమిళ పాఠ్యపుస్తకంలో అమిలానికి ఎదురుమాట 'కారం'. తెలుగు పిల్లవాడికి ఆ మాట వినగానే మిరపకాయ గుర్తుకొస్తుంది. నిజానికి రసాయన శాస్త్రంలోని కారం సంస్కృత 'క్షారం' నుంచి వచ్చినది. మన సురేకారంలో ఉన్నదీ అదే. మిరపకాయ కారం వేరు. ఒకే ధ్వనిలో రెండు మాటలు వచ్చి కలిశాయి.

ఆమ్లం పొరను మాత్రమే కరిగించి ఊరుకోదు. పులుసును కళాయి లేని ఇత్తడి గిన్నెలో నిలవ ఉంచితే రాగి కూడా అందులోకి దిగుతుంది. పచ్చగా కనిపించే ఆ చిలుము కడుపులోకి పోతే వాంతులు తప్పవు. అందుకే పాత్రలకు కళాయి. కళాయివాడు గిన్నెను బాగా కాల్చి, నవసాగరం పొడి చల్లి, తగరం ముక్క రాసి దూదితో లోపలంతా తిప్పుతాడు. నవసాగరం వేడికి విడిపోయి అమ్మోనియా వాయువును, హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరిని ఇస్తుంది. ఆ ఆవిరి లోహం మీది ఆక్సైడును తొలగించినప్పుడే తగరం అంటుకుంటుంది. అంటే పులుసులోని ఆమ్లం నుంచి గిన్నెను కాపాడటానికి ఆయన వాడినది మరో ఆమ్లమే. వీధిలో లేచే ఆ తెల్లని పొగను ముక్కు మూసుకుని చూసిన మా తరంవారికి ఇది రసాయన శాస్త్రమని ఎవరూ చెప్పలేదు.

చారు కాచే 'ఈయచొంబు' విషయంలో మాట పొరపాటు ప్రాణం మీదికి తేగలదు. తమిళంలో 'ఈయం' రెండు లోహాలకూ చెల్లుతుంది: వెళ్ళీయం అంటే తగరం, కారీయం అంటే సీసం. చారు చెంబు తగరంతో చేయాలి. సీసం కలిస్తే చింతపండు ఆమ్లం దాన్ని చారులోకి లాగుతుంది. సీసం నెమ్మదిగా పనిచేసే విషం, పసిపిల్లలకు మరీ ప్రమాదం. తెలుగులో తగరం, సీసం అనే రెండు వేరు మాటలున్నాయి. వాటిని మరవకుండా ఉండటం భాషాభిమానానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు.

ఇంతవరకు చూసినవన్నీ చెట్టు, పాలు, వంటిల్లు ఇచ్చిన ఆమ్లాలు. నాలుక మీద పెట్టి చూడలేని ఖనిజామ్లాలు బట్టీ పట్టడం నేర్చిన తరవాత వచ్చాయి. ఐరోపాలో నత్రికామ్లం తయారీ వివరాలు సుమారు 13వ శతాబ్దం చివరనుంచి కనిపిస్తాయి. రుచి చూడటానికి వీలులేని వస్తువుకు పేరు దాని పనిని బట్టే రావాలి. నత్రికామ్లాన్ని లాటిన్‌లో 'ఆక్వా ఫోర్టిస్' అన్నారు, అంటే బలమైన నీరు. పారసీకం నుంచి ఉర్దూకు వచ్చిన 'తేజాబ్' అంటే వాడి నీరు. మన పాత పుస్తకాల్లో గంధకికామ్లం పేరు 'గంధక ద్రావకం'. తమిళంలోనూ 'తిరావగం' ఉంది. ద్రావకం అంటే కరిగించేది. మన రసశాస్త్ర గ్రంథాల్లో 'శంఖద్రావకం' కనిపిస్తుంది. ప్రఫుల్ల చంద్ర రాయ్ 1902, 1909లలో వెలువరించిన హిందూ రసాయన శాస్త్ర చరిత్రలో దీన్ని చర్చించారు. శంఖాన్ని కరిగించేది అన్న పేరే ఒక పరీక్ష. శంఖం, గవ్వ, సున్నపురాయి ఒకే పదార్థం. ఆమ్లం తగిలితే నురగ కట్టి కరుగుతాయి. కడప బండల మీద నిమ్మరసం ఒలికితే మచ్చ మిగిలేది కూడా అందువల్లనే.

ద్రావకం కొలిమి గది దాటి కర్మాగారానికి వచ్చిన కథ కూడా ఈ ప్రాంతానికి దూరం కాదు. 1906లో రాణిపేటలో సూపర్ ఫాస్ఫేట్ ఎరువు తయారీ మొదలయింది. దేశంలో ఆ రకం కర్మాగారాల్లో అది మొదటిది. నీటిలో కరగని ఫాస్ఫేటును గంధకికామ్లంతో కలిపి మొక్కకు అందేలా చేయడమే ఆ తయారీ కిటుకు. ధర్మపురి రైతు పొలంలో చల్లిన పొడిలో ద్రావకం పని దాగి ఉంది.

పులుపు, ద్రావకం ఒకే జాతివని ఎప్పుడు తేలింది? దీనికి సమాధానం వెతుకుతుంటే మన పుస్తకాల్లోని ఒక తప్పు ఎదురవుతుంది. 1770ల చివర లవోజియే ఆమ్లాలన్నిటికీ మూలం ఒక వాయువు అని నమ్మి, దానికి గ్రీకు మాటలతో 'ఆక్సిజన్' అని పేరు పెట్టాడు. ఆమ్లాన్ని పుట్టించేది అని దాని అర్థం. జర్మన్లు దాన్ని అనువదించుకున్నారు. మనవారూ 'ఆమ్లజని' అన్నారు. 1906లో ఏర్పడిన విజ్ఞాన చంద్రికా మండలి వంటి సంస్థలు శాస్త్రాన్ని తెలుగులోకి తేవడానికి శ్రమించిన రోజుల్లో మాటలు ఇలాగే తయారయ్యాయి. కాని 1810లో హంఫ్రీ డేవీ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేనే లేదని చూపాడు. లోహం వచ్చి తోసివేయగల హైడ్రోజనే ఆమ్లానికి గుర్తు అని 1838లో లీబిగ్ అన్నాడు. నీటిలో హైడ్రోజన్ అయాన్లను విడిచేది ఆమ్లం అని 1880లలో అర్హీనియస్ వివరించాడు. 1909లో సోరెన్సెన్ ఆ అయాన్ల లెక్కను పీహెచ్ కొలతగా మార్చాడు. తెలుగులో హైడ్రోజన్ పేరు 'ఉదజని'. కాబట్టి మన భాషలో పేరు ఆమ్లజనిది, పని ఉదజనిది. శాస్త్రం దిద్దుకున్నా మాట దిద్దుకోలేదు. ఇది మన ఒక్కరి తప్పు కాదు, ప్రపంచమంతా పంచుకున్న తప్పు. అయితే పేరును బట్టి అర్థం ఊహించే విద్యార్థికి ఈ సంగతి చెప్పాలి.

నాలుక కూడా ఒక్కొక్కసారి తప్పుదారి పట్టిస్తుంది. బాగా పని చేసిన మర్నాడు 'ఒళ్ళు పులిసింది' అంటాం. కండరాల్లో లాక్టిక్ ఆమ్లం చేరడమే ఆ నొప్పికి కారణమని చాలాకాలం పుస్తకాలు చెప్పడంతో, మన మాట ముందే శాస్త్రం చెప్పిందని మురిసినవారున్నారు. మర్నాటి నొప్పికి అది కారణం కాదని ఇప్పుడు తేలింది. 'పళ్ళు పులిశాయి' అన్న మాట మాత్రం అక్షరాలా నిజం. పులుపు పంటి పింగాణీని కొద్దికొద్దిగా కరిగిస్తుంది.

పళ్ళ మాట వచ్చింది కాబట్టి ధర్మపురి నీళ్ళ మాట చెప్పకుండా ముగించలేను. ఇక్కడి గట్టిరాళ్ళ పొరల్లోని ఖనిజాల నుంచి బోరు నీటిలోకి ఫ్లోరైడు దిగుతుంది. ఫ్లోరైడు అంటే గాజును సైతం తినివేసే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లపు లవణం. తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీరు లేనప్పుడు 1.5 వరకు సహించవచ్చని భారతీయ ప్రమాణం. అది దాటిన నీరు ఏళ్ళ తరబడి తాగితే పళ్ళకు గోధుమరంగు చారలు, తరవాత ఎముకలకు బిగుసు, నడుము వంపు. తెలుగువారికి ఇది కొత్త కాదు. పొదిలి, దర్శి ప్రాంతాల రోగాన్ని 1937లోనే వైద్యులు ప్రకటించారు. నల్లగొండ బాధ అందరికీ తెలిసినదే. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును దించే పద్ధతికి ఆ ఊరి పేరే వచ్చింది.

ఈ కథలోనూ చింతపండు ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2002లో ఒక అధ్యయనం ప్రచురించారు. 18 మంది బడిపిల్లలకు 18 రోజులపాటు రోజుకు 10 గ్రాముల చింతపండు ఇచ్చి చూస్తే, మూత్రంలో బయటికిపోయే ఫ్లోరైడు స్పష్టంగా పెరిగింది. పులుసు తినే అలవాటు ఈ సీమవారికి ఏదో కొంత మేలు చేసి ఉండవచ్చునన్న ఆలోచన నన్ను కదిలించింది. కాని ఇంతమాత్రాన పులుసే మందు అనుకోవడం ప్రమాదం. చింతచెట్టు నిండుగా ఉన్న ఊళ్ళలోనే పళ్ళు చారలు పడ్డాయి. అసలు కావలసినది మంచినీరు. జపాను రుణసాయంతో చేపట్టిన హొగెనక్కల్ పథకం 2013లో ప్రారంభమై, కావేరి నీటిని రెండు జిల్లాలకు తీసుకువచ్చింది. అయినా కొళాయి ఎండిన రోజున మళ్ళీ బోరు నీరు తాగేవారికి ఆ నీటిలో ఏముందో వారి భాషలో తెలియాలి.

ఇక్కడే మొదటి ప్రశ్నకు తిరిగి వస్తున్నాను. ఇవాళ 'యాసిడ్' అంటే మనకు గుర్తొచ్చేది మరుగుదొడ్డి సీసా, వార్తాపత్రికలో ఒక ఆడపిల్ల ముఖం. ఆ దాడులను అరికట్టడానికి 2013లో చట్టంలో ప్రత్యేక శిక్ష వచ్చింది. అమ్మకాల మీద సుప్రీంకోర్టు కట్టుబాట్లు పెట్టింది. ఆ భయం సహేతుకమే. కాని మాట భయానికే పరిమితమైతే, వంటింట్లో అదే గుణం రోజూ పనిచేస్తున్నదన్న ఎరుక పోతుంది. 2006 నాటి తమిళ బోధన చట్టం తరవాత ఈ జిల్లాల తెలుగు పిల్లలు తమిళం తప్పనిసరిగా చదువుతున్నారు. తమిళం నేర్వడం లాభమే. పై ఉదాహరణలన్నీ రెండు భాషలూ వచ్చినవారికే పూర్తిగా అందుతాయి. నష్టమల్లా ఒకదాన్ని పొంది మరొకదాన్ని పారేసుకుంటే.

అందువల్ల మా విద్యార్థులకు ఒక పని చెబుతున్నాను. ఈ సెలవుల్లో ఊరికి వెళ్ళినప్పుడు చింతపండు కొట్టే అవ్వ దగ్గర, కళాయివాడు ఎవరైనా మిగిలి ఉంటే ఆయన దగ్గర కూర్చోండి. పనిముట్టుకు, పొడికి, పొగకు, మచ్చకు వాళ్ళు వాడే మాటలు, తెలుగైనా తమిళమైనా కన్నడమైనా, విన్నవి విన్నట్టు రాసుకోండి. ఆ మాట పక్కన అమిలమో ఆమ్లమో రాసి, మధ్యలో ఏం జరుగుతున్నదో ఒక వాక్యంలో వివరించండి. వచ్చే ఏడు తరగతిలో అదే ప్రశ్న మళ్ళీ వేస్తాను. ఒక్కరైనా 'పులుపు' అంటారని ఎదురుచూస్తాను.